తొంభై ఆరులో యాభై ఆరు

మా బాపుకు ముద్ర అంటే మంట. పాస్‌పోర్టు మీద కొట్టే ముద్రను సహిస్తాడు, రేషన్ కార్డు మీది ముద్రను సహించాడు గానీ, బంగారం మీద ముద్ర కనిపిస్తే మాత్రం ముఖం అటు తిప్పుకుంటాడు. సింగపూర్ లిటిల్ ఇండియాలో నగల దుకాణాల ముందు నడుస్తుంటే ప్రతి అద్దం మీదా ఇరవై రెండు కారెట్ల ముద్ర, తొమ్మిది వందల పదహారు అని పెద్ద అంకెలు మెరుస్తుంటాయి. ఆ వీధి మొత్తం ఆయన తల దించుకునే నడుస్తాడు. "ఏమైంది బాపూ, మెడ పట్టిందా?" అని నేను వెక్కిరిస్తే, "గా తొమ్మిది నూర్ల పదారే నా మెడ పట్టింది" అంటాడు.

ఆ కోపానికి కారణం లేకపోలేదు. మా బాపు కరీంనగర్‌లో నకాషీ పని చేసిన కంసాలి. బంగారు రేకు మీద ఉలితో దేవతల రూపాలు తీయడమే నకాషీ. పతకం మధ్యలో వేలిగోరంత లక్ష్మి కూర్చుని ఉంటే ఆ లక్ష్మికి కనుబొమలు కూడా తీర్చేవాడు. నగ ఎంత మంచిదో ఆయన నోటితో చెబితే చాలు, ఊళ్లో ఇంకెవరూ మారు మాట్లాడేవారు కాదు. తర్వాత పెద్ద షోరూములు వచ్చాయి. ఏళ్ల తరబడి ఆయన చేసిన సొమ్ములే వేసుకున్న ఆడవాళ్లు కొట్టు గుమ్మంలో నిలబడి, "అన్నా, నీ సొమ్ముకు ముద్ర ఉంటదా?" అని అడగడం మొదలుపెట్టారు. అడిగిన వాళ్లతో ఆయన పోట్లాడలేదు. కొన్నాళ్లు చూసి కొట్టు మూసేశాడు. అమ్మ పోయాక ఇక్కడికి, బుకిట్ బటోక్‌లోని మా ఫ్లాటుకు వచ్చేశాడు.

వచ్చేటప్పుడు బట్టలకంటే జాగ్రత్తగా ఒక రేకు డబ్బా తెచ్చుకున్నాడు. అందులో చిన్న త్రాసు, గీటురాయి, సుత్తి, ఆకురాళ్లు, ఉలులు, ఉంగరాలు సాగదీసే ఇనప కడ్డీ, ఊదుగొట్టం, ఇంకా గుప్పెడు గురిగింజలు. తులానికి పన్నెండు మాసాలు, మాసానికి ఎనిమిది గింజలు, మొత్తం తులానికి తొంభై ఆరు గింజలు. ఎక్కాలకంటే ముందు నాకు వచ్చిన లెక్క ఇది. మా ఆయన జురాంగ్ ఐలాండ్‌లో ఇంజనీరు. గ్రాములో వెయ్యో వంతు చూపించే యంత్రాలతో ఆయనకు పని. ఎర్రటి గింజలు పోసి బంగారం తూచడమేమిటని నవ్వేశాడు. బాపు అల్లుడిని ఏమీ అనలేదు. ఆ తిట్లన్నీ వంటింట్లో నేను తిన్నాను.

పని లేని మనిషి ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది. మా కుళాయిలన్నీ బిగించాడు, తలుపు గొళ్లేలకు నూనె పెట్టాడు, నా గాజులు సొట్ట పోయాయని సరిచేశాడు, సరిగానే ఉన్నవాటిని కూడా సరిచేశాడు. అవన్నీ అయిపోయాక పొద్దున్నే లిఫ్టు దిగి బ్లాకు కింద రాతి బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. అక్కడే రష్యా ఆంటీతో స్నేహం కుదిరింది.

రష్యా ఆంటీ మాకంటే పై అంతస్తులో ఉంటుంది. భర్త ఇక్కడి చైనీస్ ఆయన, ఓడల్లో పనిచేసేవాడట. పెళ్లి చేసుకుని వచ్చి ఇక్కడే ముసలిదైంది. ఆయన పోయి చాలా కాలమైంది. ఆమె మాట్లాడేది ఇంగ్లిషే గానీ, రష్యన్ గొంతులోంచి సింగపూర్ ఇంగ్లిషు వస్తుంటే మొదట్లో నాకూ సగమే అర్థమయ్యేది. ఇక బాపుకు వచ్చిన ఇంగ్లిషు ఎస్, నో, థాంక్యూ. అయినా రోజూ ఇద్దరూ అక్కడే. ఆమె రెండు ప్లాస్టిక్ సంచుల్లో కోపీ, అంటే ఇక్కడి కాఫీ, కట్టించుకుని వచ్చేది, ఒకటి ఈయనకు.

"అసలేం మాట్లాడుకుంటారు బాపూ?" అని అడిగాను ఒకసారి.

"ఏమున్నది? గామె ముచ్చట గామె జెప్తది, నా ముచ్చట నేను జెప్త."

అలాంటిది, ఒక ఉదయం ఆమె మా గుమ్మం ముందు నిలబడింది. చేతిరుమాలు విప్పి ఉంగరం చూపించింది. ఏ చెక్కుడూ రాయీ లేని సాదా పెళ్లి ఉంగరం, కాస్త ఎరుపు తిరిగిన బంగారం. వాళ్ల అమ్మమ్మది. తర్వాత అమ్మకు, అమ్మ తర్వాత ఈమెకు వచ్చింది. కీళ్లు వాచి ఇప్పుడు వేలి కణుపు దాటడం లేదు. దుకాణాల్లో చూపిస్తే కోసి మధ్యలో కొత్త ముక్క అతికిస్తామన్నారట. కోయడానికి ఆమెకు మనసు రాలేదు. "నేను పోయే రోజున ఇది నా వేలికి ఉండాలి. రుమాల్లో కాదు," అంది నవ్వుతూనే.

నేను తెలుగులో చెప్పేలోపే బాపు డబ్బా తెరిచాడు. కోయకుండా సాగదీయవచ్చు. అయితే ముందు తూకం. సొమ్ము ఇచ్చిన మనిషి కళ్ల ముందే తూచి తీసుకోవాలి, వాళ్ల కళ్ల ముందే తూచి తిరిగివ్వాలి. ఆయన దగ్గర దీనికి మినహాయింపు లేదు, అమ్మ పుస్తెలు బాగుచేసినప్పుడు అమ్మ కళ్ల ముందూ తూచాడు. ఒక పళ్లెంలో ఉంగరం పెట్టి, రెండో దాంట్లో ఒక్కొక్క గింజా వేశాడు. ముప్పై అయిదో గింజకు ముల్లు నిలబడింది. ఆంటీ కూడా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఎందుకో నవ్వుకుంది. తర్వాత గీటురాయి మీద ఉంగరాన్ని గీసి, లోపలి వైపు భూతద్దంతో చూశాడు. చూస్తూ చూస్తూ ఆయన ముఖం ముడుచుకుపోయింది.

ఆమె వెళ్లాక నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించాడు, ఇంట్లో ఇంకెవరూ లేకపోయినా.

"బిడ్డా, లోపట యాభై ఆరని కొట్టిన్రు."

"అంటే?"

"యాభై ఆరు టచ్. నూటికి యాభై ఆరే బంగారం. మిగిలిందంత రాగి. పాపం, గామెకు ఎర్క లేనట్టున్నది. నువ్వు జెప్పకు."

కంసాలి వృత్తిలో చెప్పకూడని మాటలు కొన్ని ఉంటాయి. కొత్త కోడలి గొలుసు అత్త చేతుల మీదుగా కొట్టుకు వస్తుంది. గీటురాయి మీద గీయగానే కంసాలికి తెలిసిపోతుంది, పుట్టింటివాళ్లు మోసపోయారో మోసం చేశారో. మంచి కంసాలి నోరు తెరవడు. సొమ్ము బాగుచేసి ఇచ్చి ఊరుకుంటాడు. మా బాపు కడుపులో కరీంనగర్ ఇళ్లలోని పరువంతా దాగి ఉందని అమ్మ అనేది. చెప్పకు అంటే నేనూ సరేనన్నాను. మన దగ్గర ఇరవై రెండు కారెట్లకు తక్కువైతే దాన్ని బంగారం అనడానికే నోరు రాదు, యాభై ఆరంటే నాకూ ఆమె మీద జాలేసింది.

ఆ పని చేస్తున్నంత సేపూ బాపును చూడాలి. గ్యాసు పొయ్యి మీద ఊదుగొట్టంతో మంటను సన్నగా చేసి ఉంగరాన్ని కాల్చాడు. పొగ గంట మోగుతుందేమోనని నేను కిటికీలన్నీ తెరిచి చాపతో విసురుతూ నిలబడ్డాను. చల్లార్చి, కడ్డీకి తొడిగి, చిన్న సుత్తితో తట్టడం, తిప్పడం, మళ్లీ కాల్చడం. నా చిన్నప్పుడు రోజూ నన్ను నిద్ర లేపిన చప్పుడు అది. ఎన్నో ఏళ్ల తర్వాత మా ఇంట్లో ఆ చప్పుడు వింటుంటే నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. బాపు భుజాలు నిటారుగా అయ్యాయి, నా మీద అరవడం కూడా పాత పద్ధతిలో మొదలైంది.

ఆదివారం ఆంటీ వచ్చింది. ఉంగరం కణుపు దాటి వేలి మొదట్లో కూర్చుంది. ఆమె చెయ్యి చాపి, తిప్పి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. తూకం పూర్తి కానిదే చప్పట్లు లేవన్నట్టు బాపు ఉంగరం తీయించి మళ్లీ త్రాసులో పెట్టాడు. ముప్పై అయిదు గింజల వైపు ముల్లు కాస్త మొగ్గింది. అప్పుడు ఎర్ర కాగితం పొట్లం ఒకటి విప్పి, అందులోని బంగారు రజనును ఉంగరం పక్కన పోశాడు. ముల్లు నిలబడింది. ఆకురాయికి రాలిన రజను కూడా సొమ్ము గలవాళ్లదే, తరుగు పేరుతో దాన్ని ఉంచుకునే అలవాటు ఆయనకు లేదు. రజనును మళ్లీ పొట్లం కట్టి ఆమె చేతిలో పెట్టాడు.

ఆంటీ తన సంచిలోంచి సొంత భూతద్దం తీసి, ఉంగరాన్ని వెలుతురుకు ఎత్తి లోపలికి చూసింది. ఒక చుట్టు తిప్పింది. ఇంకో చుట్టు తిప్పింది.

"వేర్ ఈజ్ షీ?" అంది.

ఎవరి గురించి అడుగుతోందో నాకు అర్థం కాలేదు. బాపు మాత్రం ఆమె చూపు ఎక్కడుందో పసిగట్టి గర్వంగా ముందుకు వంగాడు. "లోపట సాఫ్ జేసిన. గా అంకె తీసేసిన. ఇగ ఎవలు జూసినా యాభై ఆరని తెల్వది. గామె పరువు గామె తానే ఉంటదని జెప్పు."

 నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆంటీ ఉంగరం నుంచి పొట్లం వైపు చూసింది. కాగితం విప్పి ఆ రజను వంక చూస్తూ నెమ్మదిగా మాట్లాడింది. అంకె పక్కనే చీమ తలంత ఆడమనిషి ముఖం ఉండేదట, పక్కకు తిరిగి, తలకు ముసుగు లాంటిది కట్టుకుని. ఆ కాలంలో వాళ్ల దేశపు సర్కారు ప్రతి బంగారు వస్తువు మీదా కొట్టిన ముద్ర అది. కానీ చిన్నప్పుడు వాళ్లమ్మ ఆమె చేతికి భూతద్దమిచ్చి, "ఇదిగో, మీ అమ్మమ్మ" అని చూపించేదట. అమ్మమ్మ ఈమె పుట్టకముందే పోయింది. యుద్ధంలో ఇల్లు పోయింది, ఇంటితో పాటు ఫోటోలూ పోయాయి.

"బడికి వెళ్లాక తెలిసింది, అందరి ఉంగరాల్లోనూ ఆమే ఉందని," అంది. "తెలిస్తే ఏం? నాకు ఉన్న అమ్మమ్మ ఆవిడే."

పొట్లాన్ని జాగ్రత్తగా మడిచింది. "థాంక్యూ అంకుల్" అని చెప్పి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

బాపుకు విషయమంతా చెప్పాక నేను ఆగలేకపోయాను. "నిన్నెవరు గీకమన్నరు బాపూ? సాగదియ్యమంటే సాగదియ్యాలె గానీ!" అని అరిచాను.

"గంత తక్కువ అంకె పెట్టుకుని ఎట్ల తిరుగుతదనుకున్న. పక్కనున్న బొమ్మ గూడ ముద్రల భాగమే అనుకున్న," అన్నాడు. "మంచికే జేసిన బిడ్డా."

ఆ పూట కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. మర్నాడు పొద్దున కిందికి దిగలేదు. ఆ తర్వాతా దిగలేదు. డబ్బాను మంచం కిందికి తోసేశాడు. నకాషీ పనివాడు ఒక ముఖాన్ని గీకేశాడన్న బాధ ఆయనది, నాకది తెలుస్తూనే ఉంది. ఏం చేయాలో తెలియక నేను గిన్నెల మీద కోపం చూపించాను.

చివరికి లిఫ్టులో ఆంటీయే ఎదురై, "అంకుల్ సిక్ ఆ?" అని అడిగింది. ఆమె చేతిలో రెండు సంచుల కోపీ ఉంది. రోజూ రెండు కట్టించుకుని వస్తోందట, రెండోది చల్లారిపోతోందట. ఆమెను అలాగే మా ఇంటికి తీసుకొచ్చాను. ఇక దాచి లాభం లేదని, బాపు ఎందుకు గీకాడో ఉన్నదున్నట్టు చెప్పేశాను. నూటికి యాభై ఆరే అనుకున్నాడని, ఆమె చిన్నబుచ్చుకుంటుందని భయపడ్డాడని.

ఆమె నా ముఖంలోకి చూసి ఒక్కసారిగా నవ్వింది. మా పక్క ఫ్లాటు వాళ్లు తలుపు తీసి చూశారు.

"హండ్రెడ్? హూ సే హండ్రెడ్ లా? నైంటీ సిక్స్!"

అప్పుడు తీరిగ్గా కూర్చుని చెప్పింది. వాళ్ల పాత కాలపు పౌండులో తొంభై ఆరు జొలోత్నిక్‌లు ఉంటాయట. బంగారానికీ వెండికీ అదే తూకం. పౌండు లోహం తీసుకుంటే అందులో యాభై ఆరు జొలోత్నిక్‌ల బంగారం, మిగతాది వేరే లోహం. ముద్రలో అంకెకు అర్థం అదీ. పెళ్లి ఉంగరమంటే అందరిదీ యాభై ఆరే, ఇంకా మెత్తటి బంగారమైతే గిన్నెలు తోమే చేతికి నిలవదు. ఒక్కో జొలోత్నిక్‌నూ మళ్లీ తొంభై ఆరు భాగాలు చేస్తే ఆ భాగాన్ని దోల్యా అంటారట. "మా ఉంగరం సరిగ్గా ఒక జొలోత్నిక్ అని అమ్మ చెబుతుండేది. జొలోత్నిక్ అంటే ఎంతో నేనెప్పుడూ కళ్లతో చూడలేదు. మీ నాన్న ఎర్ర గింజలు పోసిన రోజే చూశాను."

నేను తెలుగులో చెబుతుంటే బాపు గోడ వైపు తిరిగి పడుకుని వింటున్నాడు. ఒక్క మాట దగ్గర లేచి కూర్చున్నాడు.

"ఎంతన్నది?"

"తొంభై ఆరు."

"మల్ల అడుగు."

"తొంభై ఆరే బాపూ."

మంచం కిందినుంచి డబ్బా బయటికి వచ్చింది. గింజలన్నీ నేల మీద పోసి, ఎనిమిదేసి చొప్పున పన్నెండు కుప్పలు పెట్టాడు. వేలితో కుప్పలన్నీ చుట్టి, "తులం," అన్నాడు ఆంటీతో. ఆమె కుప్పలు లెక్కపెట్టుకుంది, ఒక్కో కుప్పలో గింజలు లెక్కపెట్టుకుంది, గుణించుకుంది. తల ఎత్తేసరికి ఆమె ముఖం వెలిగిపోయింది. భాష లేని ఇద్దరు మనుషులు నేల మీద కూర్చుని గింజల మీదుగా ఒకరినొకరు చూసి నవ్వుకుంటున్నారు, మధ్యలో నేను దండగ.

"తొంభై ఆర్ల యాభై ఆరంటే ఇరవై నాల్గుల పద్నాలుగు," అని బాపు నోటితోనే లెక్క కట్టాడు. "పద్నాలుగు కారెట్. తప్పు సొమ్ము గాదు. జెప్పిన మాట మీద నిలబడ్డ సొమ్ము." తర్వాత వాళ్ల దేశంలోనూ గ్రాములు వచ్చి, జొలోత్నిక్‌లు పోయి, మూడంకెల ముద్ర వచ్చిందని విని, "వాళ్లను గూడ ఆగం జేసిన్రా!" అని ఆమెను చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

ఆమె వేలి ఉంగరం మీద కన్ను పడగానే ఆ సంబరం తగ్గిపోయింది. గింజలు డబ్బాలో పోస్తూ, "నేనే దీస్త, గా ముఖం మల్ల నేనే దీస్త అని జెప్పు," అన్నాడు.

పోయింది రాదని ఆంటీకి తెలుసు. అయినా ఉంగరం తీసి ఆయన చేతిలో పెట్టింది. ఎందుకు పెట్టావని ఎప్పుడైనా అడగాలనుకుంటాను.

ముందు ఇత్తడి రేకు ముక్కల మీద సాధన. మా ఆయన భూతద్దం దీపం ఒకటి తెచ్చి బిగించి ఇచ్చాడు, ఈసారి నవ్వకుండా. బాపు ముఖాలు తీయడం, నేను చూడటం. ఎన్ని తీసినా అన్నీ లక్ష్మీదేవులే. పెద్ద కళ్లు, నిండు బుగ్గలు, పెదవి మీద చిరునవ్వు.

"రష్యా అమ్మమ్మకు ముక్కుపుడక ఎక్కడిది బాపూ?"

"ఏడున్నది?" అని దీపం కింద పెట్టి చూసుకుని, ఆ ముక్కను విసిరికొట్టాడు. "చెయ్యి ఇంటలేదు. అలవాటైన ముఖమే వస్తున్నది. గామె అమ్మమ్మ ఎట్లుంటుండెనో అడుగు."

ఎలా ఉండేదో ఎవరికి తెలుసు? చూసినవాళ్లెవరూ మిగల్లేదు. ఆంటీ ఒక్క మాట చెప్పింది, ఇంట్లో అందరూ ఈమెకు అమ్మమ్మ పోలికే వచ్చిందనేవారని.

బాపు ఆమెను కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. పక్కకు తిరగమని చేత్తో చూపించాడు. నా చున్నీ తెచ్చి తలకు చుట్టుకోమన్నాడు. జీవితమంతా చూడని దేవతలను చెక్కిన మనిషి, మొదటిసారి ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి చెక్కుతున్నాడు. పరాయి ఆడమనిషి ముఖంలోకి అంతసేపు చూడటం ఆయనకు చచ్చేంత సిగ్గు. ప్రతిసారీ చూసేముందు గొంతు సవరించుకునేవాడు. ఆమె కదలకుండా కూర్చునేది. బయట కర్రలకు ఆరేసిన బట్టలు ఊగుతుంటే ఆమె ముఖం మీద నీడలు పడి పోతుండేవి.

ఇత్తడి మీద ముక్కు కుదిరాక ఉంగరం పట్టాడు. ముఖం పక్కన అంకె వేయాలి. ఆయన ఉలికి వచ్చినవి వాళ్ల తాత నేర్పిన తెలుగు అంకెలే. ౫౬ అని వేశాడు.

"ముద్రంటే మంట అంటివి, నువ్వే ముద్ర కొడ్తున్నవ్," అన్నాను.

"ముద్ర గాదే. గిది మనిషి."

ఇచ్చే రోజున మళ్లీ త్రాసు. ఒక వైపు ముప్పై అయిదు గింజలు. ఇంకో వైపు ఉంగరం, ఆమె ఇంటి నుంచి తెచ్చిన పాత పొట్లంలోని రజను, ఈసారి ఉలికి రాలిన చిటికెడు. ముల్లు నిలబడింది. అమ్మమ్మ జొలోత్నిక్‌లో ఒక్క దోల్యా కూడా ఎటూ పోలేదని బాపు అరచేతులు తిప్పి చూపించాడు.  ఆంటీ భూతద్దం తీసింది. నేను బాపును చూస్తున్నాను, ఆయన నేలను చూస్తున్నాడు. లోపల ఉన్నది ఆమె ముఖమే, దాన్ని చూసి అమ్మమ్మ అనుకోవాలని మా ఇద్దరి ఆశ.  అద్దం దించింది. కళ్లు తుడుచుకుని మళ్లీ ఎత్తింది.

"మై మదర్," అంది. "అంకుల్, దిస్ ఈజ్ మై మదర్ లా."

ముసలితనంలో ఆమెకు వాళ్లమ్మ ముఖమే వచ్చిందని తెలుగులో చెప్పబోయాను.

"ఏం జెప్పకు బిడ్డా, తెల్సింది," అని బాపు త్రాసులోని గింజలను ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేసుకున్నాడు.